పొగగూటి బంగళా గురునాథం

గురునాథం సంగతి చెప్పమంటే నాకు ముందు కోపం వస్తుంది, ఆ తర్వాతే మాట వస్తుంది. ముప్ఫై మూడేళ్ళు పోర్ట్‌బ్లెయిర్‌లో తెలుగు పంతులమ్మగా పనిచేసి రిటైరైనదాన్ని. గొంతు తగ్గించి చెప్పడం నాకు చేతకాదు. పైగా ఇందులో నేను చేసిన తప్పు కూడా ఒకటుంది. అదీ చెబుతాను, దాచుకోను.

మాది ఆ ఊరి పక్కనే ప్రోతరాపూర్. బస్సు దిగి, పోకతోటల పక్కనుంచి గుట్ట ఎక్కితే మొన్నమొన్నటిదాకా పైన ఒక బంగళా ఉండేది. అందరం దాన్ని పొగగూటి బంగళా అనేవాళ్ళం. ఎండా వానా తప్ప మూడో కాలం ఎరగని ఈ అండమాన్ దీవిలో చలిమంట వేసుకునే పొయ్యి, దానికో ఇటుకల పొగగూడు ఉన్న ఇల్లు మాకు తెలిసి అదొక్కటే. ఆ పొయ్యిలో ఎవరూ ఏనాడూ నిప్పు పెట్టిన పాపాన పోలేదు. గురునాథం దాంట్లో తన ఉలులూ బాడిసలూ పెట్టుకునేవాడు.

అతను ఆ బంగళాకు వడ్రంగి, కాపలాదారు, తోటమాలి, సమస్తం. అరవై మూడేళ్ళవాడు. మా పక్కిల్లే. పొద్దున్నే గుట్ట ఎక్కితే చీకటి పడబోతుండగా దిగేవాడు. ఆదివారం కూడా అంతే. అతని భార్య గవరమ్మ మా అరుగుమీద కూర్చుని చేపలు తోముకుంటూ, పెళ్ళి తనను చేసుకున్నాడనీ కాపురం మాత్రం ఆ బంగళాతో చేస్తున్నాడనీ అనేది. విని గురునాథం నవ్వేవాడే తప్ప కాదనేవాడు కాడు.

ఆ ఇంటి పుట్టుక గురించి అడిగిన పాపానికి ఎవరినైనా గంటసేపు నిలబెట్టేవాడు. వందేళ్ళ పైమాట. విట్కం దొర అని కలప నరికించే ఇంగ్లీషు ఆఫీసరు ఒకడుండేవాడట. అతని తండ్రికి ఇంగ్లండులో పల్లెపట్టున పెద్ద రాతి భవంతి, చుట్టూ పచ్చికబీళ్ళు, చెరువు, అన్నీ ఉండేవి. అయితే వాళ్ళ పద్ధతిలో ఆస్తి మొత్తం పెద్దకొడుక్కే పోతుంది. ఈయన రెండోవాడు. అన్న ఇంటికి ఎప్పుడైనా చుట్టంలా వెళ్ళాలి తప్ప అది తనదని చెప్పుకోవడానికి లేదు. ఆ కడుపుమంటతోనే కాబోలు, ఆ భవంతి బొమ్మ గీసుకుని తెచ్చి అలాంటిదే ఈ గుట్టమీద కట్టమన్నాడు.

కట్టినవాడు గురునాథం తాత రమణయ్య. భీమిలి నుంచి ఓడెక్కి వచ్చాడు. శిక్షపడి కాదు, పనికోసం. ఈ ఒక్క ముక్క గురునాథం ఎవరికి చెప్పినా రెండుసార్లు చెప్పేవాడు. రాయితో కడితే నేల కదిలినప్పుడు నెత్తిన పడుతుంది, కర్రతో కడితే నేలతోపాటు కదిలి ఊరుకుంటుందని రమణయ్య దొరను ఒప్పించాడు. అందుకని ఇంగ్లండులో రాయి ఉన్న చోటల్లా ఇక్కడి అడవుల్లో దొరికే ఎర్రటి పడాక్ కర్ర వచ్చింది. తేమ తగలకుండా ఇల్లు మొత్తం గుంజలమీద లేచింది. మిగతాదంతా బొమ్మలో ఉన్నట్టే. లోపలికి అడుగు పెట్టగానే ఎత్తయిన హాలు. హాలు మధ్యనుంచి నలుగురు పక్కపక్కన ఎక్కగలిగేంత వెడల్పు మెట్లు. పైన ఈ చివరనుంచి ఆ చివరకు ఒకే పొడుగాటి గది, తాతముత్తాతల పటాలు తగిలించుకోవడానికి. దొరకు తగిలించడానికి పటాలు లేవు, అవీ అన్న దగ్గరే ఉండిపోయాయి. కిటికీలు గోడనుంచి బయటికి ఉబికి ఉండేవి. వెనకపక్క పనివాళ్ళకు సన్నటి మెట్లు, వాళ్ళు ఎక్కి దిగడం దొరల కంట పడకుండా. ఎంత నాగరికమో చూశారా!

వరండా మాత్రం బొమ్మలో లేదు. రమణయ్య తన బుద్ధితో చుట్టూ తిప్పి కట్టాడు. దొర మండిపడ్డాడట. జూన్‌లో వాన పట్టుకున్నాక కుర్చీ తెచ్చుకుని అక్కడే కూర్చున్నాడట, ఇంక లేవలేదట.

అసలు గొప్పతనం అది కాదు. ఆ ఇంట్లో కర్రకూ కర్రకూ మధ్య ఒక్క ఇనప మేకు లేదు. సముద్రపు గాలికి ఇనుము తినేస్తుందని ఒక కొయ్య కొనను నాలుకలా చెక్కి, ఇంకో కొయ్య బెజ్జంలోకి దించి, అడ్డంగా చెక్క చీల కొట్టారు. ముందు ఇల్లంతా కింద మైదానంలో బిగించి చూసి, మళ్ళీ విప్పి, ముక్కముక్కా గుట్టమీదికి మోశారు. ఏ ముక్క ఎక్కడిదో తెలియడానికి ప్రతిదానిమీదా ఉలితో ఒక అంకె చెక్కారు. రమణయ్యకు వచ్చినవి తెలుగు అంకెలే. ౧, ౨, ౩ అని మొదలుపెట్టి ఏడువందల పైచిలుకు దాకా. ఆ ఇంట్లో దొర పాతికేళ్ళు కాపురమున్నాడు, తన ఇంటిమీద ఏం రాసుందో అతనికి తెలియకుండానే పోయాడు.

పంతొమ్మిదివందల నలభై ఒకటి భూకంపానికి ఆ ఇల్లు కిర్రుమంది, అంతే. తర్వాత జపానువాళ్ళు వచ్చి మూడేళ్ళు అందులో ఉన్నారు. స్వాతంత్ర్యం వచ్చాక కలకత్తా కలప వ్యాపారి ఒకాయన కొన్నాడు. రెండువేల నాలుగులో సునామీ రోజు పొద్దున గురునాథం ఆ పై గదిలోనే ఉన్నాడు. ఇల్లు పడవలా ఊగిందనీ, చీలలన్నీ ఒక్కసారి మూలిగాయనీ, ఆగాక చూస్తే ఒక కిటికీ అద్దం తప్ప ఏమీ పోలేదనీ చెప్పేవాడు. ఆ రోజు మా సిమెంటు ఇళ్ళన్నీ పగుళ్ళిచ్చాయి.

అతనికి పిల్లలు లేరు. చెల్లెలు వీరలక్ష్మి పోయాక ఆమె కొడుకు రాజ్‌కిరణ్‌ను పెంచింది గురునాథం, గవరమ్మలే. వాడికి ఉలి పట్టడం నేర్పింది ఆ బంగళాలోనే. ఇప్పుడు ముప్ఫై రెండేళ్ళు. పోర్ట్‌బ్లెయిర్‌లోనే గోల్ ఘర్‌లో కాపురం. రిసార్టులు కట్టే కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరు. మాట తీరు మంచిది, నవ్వితే ముద్దొస్తాడు. అదే మా కొంప ముంచింది.

రెండేళ్ళకిందట వానలు వెనకపట్టాక వాడు మావయ్య దగ్గరికొచ్చాడు. కలకత్తా వాళ్ళ మనవలు బంగళాకు మరమ్మతు చేయించాలనుకుంటున్నారనీ, పని తన కంపెనీకే వచ్చిందనీ చెప్పాడు. అప్పటికి పై కప్పు మూడు చోట్ల కారుతోంది. గురునాథం ఏళ్ళ తరబడి వాళ్ళకు ఉత్తరాలు రాయిస్తున్నాడు, నాతోనే. ఒక్కదానికీ జవాబు లేదు. ఇన్నాళ్ళకు ఆ మాట వినేసరికి మనిషి గాల్లో తేలిపోయాడు. తాను పోయేలోపు ఆ ఇల్లు గట్టిపడాలి, రాజ్‌కిరణ్ చేతిలో పెట్టి వెళ్ళాలి. అతనికున్న కోరికంతా అదొక్కటే. సొంత బతుకు మాత్రం నాలుగు రేకుల కిందే గడిచిపోయింది.

పుచ్చిన ముక్కలు మార్చాలంటే ప్రతి ముక్కకూ లెక్క ఉండాలన్నాడు రాజ్‌కిరణ్. ఏ అంకె ఎక్కడుంది, దేనిలో దేన్ని దించారు, ఏ చీల ముందు తీస్తే ఏది ఊడుతుంది, అన్నీ. గురునాథం వాణ్ణి వెంటబెట్టుకుని గదిగదీ తిప్పాడు. కొన్ని అంకెలు దూలం లోపలివైపు ఉంటాయి, వేలితో తడిమితేనే తెలుస్తాయి. అవి కూడా తడిమించాడు. తండ్రి తనకు చెప్పినవీ, ఇంకెవరికీ చెప్పనివీ అన్నీ వాడి ముందు పోశాడు. మేనల్లుడి దగ్గర దాచుకునేది ఏముంటుంది?

చిక్కు ఒక్కటే. రాజ్‌కిరణ్‌కు తెలుగు మాట్లాడ్డమే వచ్చు, చదవడం రాదు. హిందీలో చదువుకున్నాడు. అంకెలు నేర్పమని నా దగ్గరికొచ్చాడు.

ఇదిగో, నా తప్పు ఇక్కడే ఉంది. మా దీవుల్లో తెలుగు పిల్లలు ఇంట్లో తెలుగే వాగుతారు, పలక పట్టమంటే పారిపోతారు. నా క్లాసులో ఆఖరి ఏళ్ళలో నలుగురు మిగిలారు. అలాంటిది ముప్ఫై దాటిన మగవాడు తనంతట తాను వచ్చి, టీచరమ్మగారూ తెలుగు అంకెలు నేర్పండి అంటే నా కళ్ళు చెమర్చాయి. తెలుగువాళ్ళే మరిచిపోయిన అంకెలు! కాఫీ ఇచ్చి కూర్చోబెట్టాను. వారం రోజులు దిద్దించాను. అది చాలక, గురునాథం చెబుతుంటే ఏడువందల ముక్కల వివరం నేనే రెండు లాంగ్‌బుక్కుల్లో రాశాను, తెలుగు అంకె పక్కన మామూలు అంకె వేసి, గుండ్రటి అక్షరాలతో, ఎర్రసిరాతో గీతలు కొట్టి. ఎంత మురిసిపోయానో తలుచుకుంటే ఇప్పటికీ నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాలనిపిస్తుంది.

జనవరిలో గురునాథాన్ని ఉత్తరం చివరనున్న డిగ్లీపూర్ పంపాడు. అక్కడ కూలగొట్టిన పాత ఇళ్ళ పడాక్ దుంగలు ఉన్నాయట, కొత్త కర్ర దొరకడం గగనమైపోయింది కాబట్టి వాటిలో మంచివి ఏరాలట, అంత చూపు మావయ్యకే ఉందట. ఫీనిక్స్ బే జెట్టీలో ఓడ ఎక్కించి వచ్చింది కూడా వాడే. గవరమ్మ పచ్చడి సీసా కట్టి ఇచ్చింది.

మర్నాటి నుంచే బంగళా దగ్గర పని మొదలైంది. పాతికమంది మనుషులు. చూద్దామని గుట్ట ఎక్కాను. రాజ్‌కిరణ్ నా లాంగ్‌బుక్కు చేత్తో పట్టుకుని నిలబడి, నూట పన్నెండు, నూట పదమూడు అని తెలుగులో కేక వేస్తుంటే కుర్రాళ్ళు చీలలు తీసి ముక్కలు దించుతున్నారు. నా శిష్యుడు! మరమ్మతంటే ఇంత విప్పాలా అని అడిగాను. విప్పకపోతే పుచ్చు ఎక్కడుందో ఎలా తెలుస్తుందన్నాడు. నిజమే కదా అనుకున్నాను. మర్నాడు ఫ్లాస్కులో టీ కూడా పట్టుకెళ్ళాను. లారీలు వచ్చాయి. మందు పట్టించడానికి షెడ్డుకు తీసుకెళ్తున్నామన్నారు. అదీ నమ్మాను.

పదకొండు రోజులు. వరస తెలియకపోతే రంపం పెట్టి కోయాల్సిందే, కర్ర పాడవుతుంది, అప్పుడు ఎవరూ ఆ ఇల్లు ముట్టుకునేవాళ్ళు కాదు. గురునాథం చెప్పిన వరస ప్రకారం తీశారు కాబట్టి ఒక్క కొన విరగలేదు.

పన్నెండో రోజు గురునాథం వచ్చాడు. అక్కడ దుంగలూ లేవు, గిడ్డంగీ లేదు, రాజ్‌కిరణ్ చెప్పిన పేరుగల మనిషీ లేడు. ఏదో పొరపాటు పడి ఉంటాడని వాడిమీద జాలిపడుతూ వచ్చాడు పాపం. ఇంటికి రాకుండా సరాసరి గుట్ట ఎక్కాడు. నేనూ గవరమ్మా వెనకే పరుగెత్తాం. పైన గుంజల గుంటలూ, వాటి మధ్య ఇటుక పొగగూడూ ఉన్నాయి. పొయ్యిలో అతని పనిముట్లు ఎక్కడివక్కడే ఉన్నాయి.

రాజ్‌కిరణ్‌కు ఫోను నేనే చేశాను. ఎత్తాడు. దబాయించలేదు, అబద్ధమూ ఆడలేదు. కలకత్తావాళ్ళు ఇల్లు అమ్మేశారు, కొన్నవాళ్ళు హావ్‌లాక్ దీవిలో రిసార్టుగా నిలబెడుతున్నారు, ముందే చెబితే మావ చీలలు చూపించేవాడు కాదు, ఇదీ జవాబు. కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయి. ఎవరి దగ్గరికి వెళ్ళి ఏమని మొరపెట్టుకోవాలి? ఇల్లు గురునాథానిది కాదు. మూడు తరాల చేతిపని అని ఏ కాగితంలోనూ ఉండదు.

అతను తిట్టలేదు. నేను తిట్టాను, అతని వాటా కూడా. గవరమ్మ ఏడ్చింది. అతను మాత్రం పొయ్యి ముందు కూర్చుని ఒక్క మాట అన్నాడు.

"దొంగ వచ్చి దోచుకుంటే ఏడ్చేవోణ్ణి టీచరమ్మా. తాళం నేనే తీసి ఇచ్చినాను కదా."

తాళం అతను ఒక్కడే తీయలేదు. ఆ తాళంచెవి నేను నా గుండ్రటి అక్షరాలతో చేసి ఇచ్చాను. వయసు వచ్చినవాళ్ళం, లోకం చూసినవాళ్ళం, ఇద్దరినీ ఒక నవ్వు మొహం వెర్రివాళ్ళను చేసింది. ఆ వారమంతా నాకు అన్నం సహించలేదు. ఇప్పటికీ ఎవరైనా తెలుగు నేర్పమని అడిగితే ఎందుకని ముందు అడుగుతున్నాను. అంతకు దిగజారాను.

ఎనిమిది నెలలు గడిచాయి. రాజ్‌కిరణ్ మళ్ళీ వచ్చాడు, ఈసారి తలొంచుకుని. ఇల్లంతా నిలబడిందట, పెద్ద మెట్లు మాత్రం కూర్చోవడం లేదట. అంకె ప్రకారం పెడితే ఒక్క చెక్కా గాడిలో దిగడం లేదు. నెలరోజులుగా కొట్టుకుంటున్నారు. పదిరోజుల్లో కాకపోతే ఇనప మెట్లు పెట్టించి, ఆ చెక్కలు కోసి బారులో బల్లలు చేయిస్తానని మేనేజరు అన్నాడట.

నేను వాకిట్లోకి వచ్చి, చెప్పొద్దు గురునాథం, కోసుకోనీ అన్నాను. గట్టిగానే అన్నాను. గవరమ్మ వాడికి మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు.

గురునాథానికి కారణం వినగానే తెలిసింది. అది ఎవరి దగ్గరా దాచిన రహస్యం కాదు, చెప్పాలని తోచనంత మామూలు సంగతి. మెట్టు అరిగితే వాళ్ళ ఇంట్లో కొత్తది వెయ్యరు, ఉన్నదాన్నే తిరగేస్తారు. కింది మెట్లు తడికాళ్ళకు ఎక్కువ అరుగుతాయని తొంభై నాలుగులో తండ్రీ తనూ కలిసి కింది పదకొండూ పైకి, పై పదకొండూ కిందికి మార్చి, అన్నింటినీ బోర్లించి, కొనలు మళ్ళీ చెక్కి బిగించారు. అంకెలు మాత్రం తాత చెక్కినవే అలా ఉండిపోయాయి. నా లాంగ్‌బుక్కులో ఉన్నది తాత లెక్క.

ఆ ఒక్క ముక్క వాకిట్లో నిలబడి చెప్పేస్తే సరిపోయేది. చెప్పలేదు. సంచిలో ఉలి, కొయ్య సుత్తి వేసుకున్నాడు. నేను అడ్డం నిలబడ్డాను.

"పాపం చేసింది మనుషులం," అన్నాడు. "ఆ మెట్లేం చేసినాయి?"

ఒంటరిగా పంపడం ఇష్టంలేక నేనూ వెళ్ళాను. ఫీనిక్స్ బేలో టికెట్ క్యూలో రాజ్‌కిరణ్ ముందు నిలబడ్డాడు, మేమిద్దరం బోటులో వాడికి దూరంగా కూర్చున్నాం.

ఇల్లు చూశాం. ఇసక ఒడ్డున, సముద్రంవైపు తిరిగి నిలబడింది. కర్రకు మెరుగు పట్టించారు. పొడుగు గదిలో భోజనాల బల్లలు, పటాలు లేని గోడలకు ఇప్పుడు ఎవరెవరో తెల్లదొరల బొమ్మలు కొనుక్కొచ్చి తగిలించారు. పనివాళ్ళ సన్న మెట్లు అలాగే ఉంచారు, వంటవాళ్ళు ఎక్కి దిగడానికి. వరండా తీసేశారు. సముద్రం కనబడ్డానికి అడ్డమట. గురునాథం వరండా ఉండాల్సిన చోట ఆగి, గోడమీద కప్పెట్టిన బెజ్జాలను ఒక్కొక్కటే తడిమి చూసి లోపలికి నడిచాడు.

రెండు రోజులు పట్టింది. ఇరవై రెండు చెక్కలు నేలమీద పరిపించి, ఒక్కొక్కటీ తిరగేసి చూసి, ఏది ఎక్కడో సుద్దతో గుర్తులు పెట్టాడు. రాజ్‌కిరణ్ ఒక కొన పట్టుకుంటే తను రెండో కొన పట్టుకున్నాడు. చిన్నప్పటినుంచి కలిసి చేసిన చేతులు, మాట అక్కర్లేకుండానే కదిలాయి. ఎత్తు, వంచు, ఆపు అని కూడా అనలేదు. ఇంత కలిసిన చేతులతోనే కదా వాడు ముంచింది. ఆఖరి చెక్క దిగాక గురునాథం కిందినుంచి పైకి ఒకసారి నడిచాడు. ఒక్క మెట్టూ కదల్లేదు. మేనేజరు చప్పట్లు కొట్టి కవరు ఇవ్వబోతే అక్కర్లేదని హిందీలో చెప్పి సంచి సర్దుకున్నాడు.

జెట్టీదాకా రాజ్‌కిరణ్ వచ్చాడు. సంచి వాడే మోశాడు. మొహంలో కాస్త తేటదనం వచ్చింది. మావయ్య వచ్చాడు, మెట్లు బిగించాడు, ఇంక కోపం పోయినట్టే అనుకున్నాడు కాబోలు. బోటు దగ్గర సంచి ఇస్తూ, "మావా, సండే ఇంటికొస్తా. మామీకి చెప్పు," అన్నాడు.

గురునాథం సంచి అందుకున్నాడు. వాడి మొహంలోకి నేరుగా చూశాడు. గొంతు పెంచలేదు.

"మావా అని ఇంక పిలవకు," అన్నాడు. "మన దీవిలో దారినపోయే ఎవణ్ణయినా భయ్యా అంటారు కదా. నన్నూ అలాగే పిలువు, పలుకుతాను."

ఎన్నో తిట్లు దాచుకుని వచ్చాను నేను. ఒక్కటీ వాడుకునే పని లేకపోయింది. బోటెక్కి కిటికీ పక్కన కూర్చున్నాం. రాజ్‌కిరణ్ జెట్టీమీదే నిలబడ్డాడు. ఒకటి రెండుసార్లు నోరు తెరిచాడు. బోటు కదిలేదాకా చూశాను, వాడు ఏ పిలుపూ పిలవలేదు.